నీ జట్టు కచ్చి: నాలుగేళ్ళ మనసులో మూడో మనిషి

దసరా సెలవుల తరువాత బడి తెరిచిన వారం అది. వరండా మూలన ఇద్దరు ఆడపిల్లలు లక్కపిడతలు పరుచుకుని వంట చేస్తున్నారు. ఇటుకపొడి కారం, మందారాకు పప్పు, ఇసుక అన్నం. ఒక పిల్ల తండ్రికి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి బజారులో ఇత్తడి సామాను కొట్టు ఉంది కనుక మా ఆయమ్మ ఆ పిల్లను కొట్టు పిల్ల అనేది. రెండో పిల్ల రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చేది కనుక రైలు పిల్ల. ఇద్దరికీ నాలుగు నిండి కొన్ని నెలలు. వేసవి సెలవుల తరువాత ఒకే చాప మీద కూర్చోవడం మొదలుపెట్టి, దసరా నాటికి మంచినీళ్ళకు కూడా కలిసే లేచే స్థితికి వచ్చారు.

ఆ వారమే మూడో పిల్ల చేరింది. తండ్రి కటకం నుంచి బదిలీ మీద వచ్చాడు. కటకం పిల్లకు తెలుగు ఒక్క ముక్క రాదు. గుడ్డబొమ్మను చంకలో పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని, ఈ వంట చూస్తూ నిలబడింది. రైలు పిల్ల లేచి వెళ్ళి ఒడియాలో బొమ్మ పేరు అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. జరిగింది అంతే. కొట్టు పిల్ల పొయ్యిలో నీళ్ళు పోసి, అన్నం గిన్నె బోర్లించి, "నీ జట్టు కచ్చి" అని గోడవైపు తిరిగి కూర్చుంది. మర్నాడు కడుపు నొప్పి, బడికి రాలేదు. ఆ మర్నాడు కాలు నొప్పి. నాలుగో రోజు నానమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పిల్ల వినేటట్టే, "దీనికి ఒళ్ళంతా కుళ్ళేనమ్మా, ఎవరినీ ఓర్చుకోలేదు" అంది.

పాతికేళ్ళకు పైగా చిన్నపిల్లల బడిలో గడిపినదాన్ని, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఎందుకు అనకూడదో చెప్పాలంటే మాటల దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

ఓర్వలేనితనానికి తెలుగులో మాటల కరువు లేదు. అసూయ, ఈర్ష్య, మత్సరం, కుళ్ళు, కడుపుమంట. అన్నిటినీ ఒకే గంపలో వేసి వాడేస్తాం. అమరకోశం మాత్రం మొదటి రెండింటినీ విడదీసింది. ఎదుటివారి మేలును సహించలేకపోవడం ఈర్ష్య, ఎదుటివారి మంచిగుణంలో కూడా దోషం చూపడం అసూయ. గమనిస్తే ఈ రెండింటిలోనూ ఉన్నది ఇద్దరే మనుషులు. వారి దగ్గర ఉన్నది నా దగ్గర లేదు, అదీ బాధ. కొట్టు పిల్ల బాధ అది కాదు. కటకం పిల్ల గుడ్డబొమ్మ మీద ఆ పిల్లకు ఆశ లేదు, ఆ పిల్ల గౌను మీద కూడా లేదు. ఈ బాధలో ముగ్గురు ఉన్నారు. నాది అనుకున్న మనిషిని ఇంకొకరు తీసుకుపోతారేమో అన్న భయం ఇది. తెలుగులో ఈ మూడు మూలల బాధకు దగ్గరగా వచ్చే మాట సవతి పోరు. అది పెద్దవాళ్ళ సంసారాల మాట, లక్కపిడతల దగ్గరికి తేలేం. పిల్లలను ఉడుకుమోతు అంటామే, ఆ మాట కాస్త నయం. అందులో నేరం లేదు, లోపల ఏదో ఉడుకుతున్నదని మాత్రమే ఉంది.

పేరు ఏదైతేనేం అనిపించవచ్చు. కానీ పేరును బట్టే మందు మారుతుంది. కుళ్ళు అనుకుంటే బుద్ధి చెబుతాం, సిగ్గుపడేటట్టు చేస్తాం. పోతుందేమో అన్న భయం అనుకుంటే, పోలేదని చూపించే దారి వెదుకుతాం. సిగ్గు పెట్టడం వల్ల భయం తగ్గిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. దాచుకోవడం నేర్చిన పిల్లలను చాలామందిని చూశాను.

ఈ భయం బడిలో పుట్టేది కాదు, ఇంట్లోనే చాలా ముందే పుడుతుంది. సిబిల్ హార్ట్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2002లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ఆరు నెలల పసిపిల్లల ఎదుట తల్లులను కూర్చోబెట్టి, బిడ్డను పట్టించుకోకుండా కాసేపు పుస్తకం చదవమన్నారు, కాసేపు అచ్చం పసిపాపలా ఉన్న బొమ్మను ముద్దు చేయమన్నారు. పుస్తకం చదువుతున్నప్పటి కంటే బొమ్మను ముద్దాడుతున్నప్పుడు పిల్లల్లో కలవరం ఎక్కువగా కనిపించింది. దాన్ని ఈ మూడు మూలల బాధ అనవచ్చా అన్న వాదన మనస్తత్వ శాస్త్రవేత్తల మధ్య ఉంది. ఆ వాదనతో నాకు పని లేదు. అమ్మ పుస్తకంలో మునిగితే ఒకటి, తనలాంటి ఇంకొకరిలో మునిగితే మరొకటి అన్న తేడా ఆరు నెలలకే తెలుస్తున్నదంటే, అది చెడు సావాసం వల్ల అంటుకున్న గుణం కాదని మాత్రం రూఢి అవుతుంది.

ఇక ఆ తేడా తెలిసిన పిల్లతో మన ఇళ్ళలో ఏం మాట్లాడతామో గుర్తు తెచ్చుకోండి. తమ్ముడు పుడతాడు. చూడవచ్చిన చుట్టాలందరూ పెద్దపిల్లను దగ్గరికి పిలిచి, "ఇంక అమ్మ నీది కాదు, తమ్ముడిది. నువ్వు మా ఇంటికి వచ్చెయ్యి" అంటారు. పిల్ల మొహం చిన్నబోతుంది, అందరూ నవ్వుతారు. పర్లాకిమిడిలోనూ ఇదే, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలోనూ ఇదే. సరిహద్దు దాటితే రాష్ట్రం మారుతుంది గానీ ఈ వేళాకోళం మారదు. ఇంగ్లండులో జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి చుట్టుపక్కల కుటుంబాలలో రెండో కాన్పు ముందు నుంచి ఇళ్ళకు వెళ్ళి కూర్చుని చూసి, 1982లో ఆ పరిశీలనలన్నీ వెలువరించారు. పుట్టిన బిడ్డ గురించి తల్లి మొదటిబిడ్డతో ఎలా మాట్లాడిందన్నది వాళ్ళు జాగ్రత్తగా రాసుకున్నారు. "ఎందుకు ఏడుస్తున్నాడంటావు, ఆకలేసిందా?" అన్నట్టు, పసివాడిని కూడా ఒక మనిషిగా, కోరికలూ బాధలూ ఉన్నవాడిగా చూపిస్తూ మాట్లాడిన ఇళ్ళలో, ఏడాది గడిచాక పెద్దపిల్లలు చిన్నవారితో ఎక్కువ స్నేహంగా ఉన్నారు. ఇందులో తల్లి ఉపదేశమేమీ చేయలేదు. మూడో మనిషి లోపల ఏముందో ఊహించే పనిని పెద్దపిల్లకు అప్పగించింది, అంతే. దీన్ని గుర్తుపెట్టుకోండి, వరండాకు తిరిగి వెళ్ళినప్పుడు పనికివస్తుంది.

నాలుగేళ్ళ స్నేహం ఎటువంటిది?

పెద్దవాళ్ళు ఇక్కడే తడబడతారు. మన స్నేహం బ్యాంకులో వేసుకున్న డబ్బు వంటిది. స్నేహితురాలు నెల రోజులు కనిపించకపోయినా ఖాతా ఖాళీ కాదని తెలుసు. నాలుగేళ్ళ పిల్లకు ఆ ఖాతా లేదు. చేతిలో ఉన్న చిల్లరే ఉంది. "నీ స్నేహితురాలు ఎవరు?" అని అడిగితే అప్పుడు పక్కన కూర్చుని ఆడుతున్న పిల్ల పేరు చెబుతుంది. సాయంత్రం వీధిలో అడిగితే వేరే పేరు. రాబర్ట్ సెల్మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పిల్లల స్నేహ భావనను మెట్లుగా విడదీశాడు. ఇంచుమించు మూడు నుంచి ఏడేళ్ళ వరకు ఉండే మొట్టమొదటి మెట్టులో స్నేహితుడంటే ఇప్పుడు నాతో ఆడుతున్నవాడు అని అర్థం. అంటే రైలు పిల్ల లేచి నాలుగడుగులు వేయడం మనకు నాలుగడుగులే. కొట్టు పిల్లకు అది స్నేహం లేచి వెళ్ళిపోవడం.

దీనికి తోడు ఆట ఎంత సున్నితమైన కట్టడమో చూడాలి. ఇసుక అన్నమని ఇద్దరూ ఒప్పుకుంటేనే అది అన్నం. పొయ్యిలో నిప్పు ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టే చెయ్యి కాలుతుంది. ఈ ఒప్పందాలలో ఒక్కటీ ఎక్కడా రాసిపెట్టి ఉండదు, రెండు బుర్రల మధ్య గాలిలో వేలాడుతుంది. మూడో మనిషి వచ్చి "ఇది ఇసుక కదా" అంటే ఆ ఇల్లంతా కూలిపోతుంది. విలియం కోర్సారో అనే సామాజికవేత్త 1970లలో కాలిఫోర్నియాలోని ఒక నర్సరీ బడిలో నెలల తరబడి పిల్లల మధ్య నేల మీద కూర్చుని చూశాడు. భారీ మనిషి కావడంతో పిల్లలు ఆయనకు పెద్ద బిల్ అని పేరు పెట్టుకున్నారు. కొత్తగా వచ్చినవారిని ఆడుతున్న పిల్లలు "నువ్వు రాకూడదు" అని నెట్టివేయడం ఆయనకు పదేపదే కనిపించింది. దాన్ని ఆయన స్వార్థం అనలేదు. అంత కష్టపడి నిలబెట్టుకున్న ఆట చెదిరిపోకుండా కాపాడుకుంటున్నారు అన్నాడు. ఇది చదివిన తరువాత నాకు పిల్లల "పో అవతలికి" అన్న మాట వేరుగా వినిపించడం మొదలైంది. ఆ మాట వచ్చిన మనిషిని కాదంటున్నట్టు ఉంటుంది, నిజానికి ఉన్న గూటికి చెయ్యి అడ్డుపెట్టడం.

ఇంకొక చిక్కు లెక్కకు సంబంధించినది. ఇద్దరు ఉన్నప్పుడు మధ్యన ఒకటే తాడు. మూడో మనిషి చేరితే తాళ్ళు రెండు కావు, మూడు అవుతాయి. అందులో ఒకటి నా చేతిలో ఉండదు, ఆ ఇద్దరి మధ్య ఉంటుంది. ఆ తాడు నాకు కనిపిస్తుంది గానీ అందదు. ముప్పై ఏళ్ళ మనిషికి కూడా ఇది తేలిక కాదు. పెళ్ళిలో ఇద్దరు తోడికోడళ్ళు గుసగుసలాడుకుంటుంటే పక్కన కూర్చున్న మూడో తోడికోడలి మొహం చూడండి.

మూడో భాష

మన సరిహద్దు ఊళ్ళలో ఆ అందని తాడు ఒక్కోసారి వేరే భాషతో పేనినది అవుతుంది. కొట్టు పిల్ల ఇంట్లో తెలుగు, కొట్టులో తెలుగు, వీధిలో తెలుగు. ఒడియా వినడమే గానీ మాట్లాడవలసిన అవసరం ఇంకా రాలేదు. రైల్వే క్వార్టర్లలో పెరిగిన రైలు పిల్ల మాత్రం రెండూ గలగలా మాట్లాడేది. అందువల్ల కటకం పిల్లతో ఆ పిల్ల నవ్విన నవ్వు ఎందుకో కొట్టు పిల్లకు తెలియలేదు. స్నేహితురాలు పక్కకు వెళ్ళడం ఒక దెబ్బ, తనకు తలుపు లేని ఇంట్లోకి వెళ్ళడం రెండో దెబ్బ.

భాష పిల్లల స్నేహాలను ఎంతగా గీస్తుందో కొలిచినవారు ఉన్నారు. కేథరీన్ కింజ్లర్, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో, అయిదారు నెలల పసిపిల్లలు తమ ఇంటి భాష మాట్లాడిన మనిషి వైపు ఎక్కువసేపు చూశారు. పది నెలల పిల్లలు ఆ మనిషి ఇచ్చిన బొమ్మనే ఎక్కువగా అందుకున్నారు. అయిదేళ్ళ పిల్లలను ఎవరితో స్నేహం చేస్తావని అడిగితే తమ భాష, తమ యాస మాట్లాడే పిల్లలనే ఎక్కువగా ఎంచుకున్నారు. ఇది విని కొందరు తల్లిదండ్రులు, "చూశారా, సహజంగానే తెలుగు పిల్లలు తెలుగు పిల్లలతోనే ఉంటారు, వదిలేయండి" అంటారు. నేను ఒప్పుకోను. ఇంటి భాష వైపు మొగ్గడం సహజమే. ఆ పరిశోధనలోని పిల్లలు మాత్రం ఒక్క భాష మధ్యే పెరిగినవారు. మన వీధిలో పిల్లకు చెవి రెండు భాషలకు ముందే తెరుచుకుని ఉంటుంది, నోరు ఒక్కటే వెనకబడి ఉంటుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులోకి వచ్చింది, జమీందారీలో చాలా భాగం మద్రాసు వైపు ఉండిపోయింది. గీత గీసినవారు మనుషులను అటూ ఇటూ పంచగలిగారు గానీ వీధులను పంచలేకపోయారు. ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పుకునే గిడుగు వెంకట రామమూర్తి, సవర అనే గిరిజన తెగ పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు తయారుచేశారు. పిల్ల దగ్గరికి వెళ్ళాలంటే ముందు పిల్ల మాట దగ్గరికి వెళ్ళాలని ఆయనకు తెలుసు. ఈ ఊరి పంతులమ్మనై ఆ మాత్రం నేర్చుకోకపోతే ఎలా?

కాబట్టి నేను చేసిన పని కొట్టు పిల్లను ఓదార్చడం కాదు, ఆ పిల్లకు ఒక ఉద్యోగం ఇవ్వడం. వంటింటి పెత్తనం ఎవరిది? కొట్టు పిల్లది. కనుక కటకం పిల్లకు గిన్నెల పేర్లు తెలుగులో నేర్పే పని ఆ పిల్లకే అప్పగించాను. అన్నం అని చూపిస్తే కటకం పిల్ల భాతొ అంది. నీళ్ళు అంటే పాణి అంది. కొట్టు పిల్ల మొదట మూతి బిగించుకుంది. "పాపం, ఆ పిల్లకు ఇక్కడ ఏ మాటా తెలియదు. ఆకలేస్తే ఎలా అడుగుతుందంటావు?" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "పొట్ట చూపిస్తుంది" అంది. అక్కడ కొద్దిగా మంచు కరిగింది. కేంబ్రిడ్జి తల్లుల ఉపాయం వరండాలో పనిచేసింది. మూడో మనిషి లోపలికి తొంగి చూసే అవకాశం ఇవ్వాలి, అంతవరకే మన పని.

కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టింది కూడా. దీపావళి దగ్గర మరొక కచ్చి, కార్తీకంలో ఇంకొకటి. ఒక్కరోజులో అంతా సర్దుకుందని రాస్తే మీరు నమ్మకండి.

స్నేహితురాలు ఒక్కరే ఉండాలా?

మా ఆయమ్మ పుట్టిల్లు బలంగీర్ వైపు. సంక్రాంతి నాడు ఒడిశాలో, ముఖ్యంగా పశ్చిమ జిల్లాలలో, మకర కూర్చోవడం అనే ఆచారం ఉంది. ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో ఆ రోజున స్నేహం కట్టుకుని, తరువాత ఒకరినొకరు మకర అనో మహర్షద్ అనో పిలుచుకుంటారు. ఏటా ఆ రోజున ఆ ముడిని మళ్ళీ గట్టి చేసుకుంటారు. జగన్నాథుడి ప్రసాదం పంచుకుని ఒకరికొకరు మహాప్రసాద్ అయ్యే పద్ధతి కూడా ఉంది. మా ఆయమ్మకు చిన్ననాటి మకర ఒకామె ఉంది. "మకర ఉన్నాక ఇంకొకరు ఎందుకు? పిల్ల ఏడవడంలో తప్పేముంది?" అని ఆయమ్మ వాదన. ఆమెకు కొట్టు పిల్ల బాధ నాకంటే బాగా తెలుసు. తన మకర వేరే ఊరి పెళ్ళికి ఎవరితోనో కలిసి వెళ్ళిందని ఒక ఏడాదంతా మాట్లాడలేదట.

ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మనసులో ఒకరికి పెద్దపీట వేయడం మనుషుల స్వభావం, దాన్ని పిల్లల నుంచి పీకేయాలని నేను అనను. కానీ మకర కూర్చునేది ఆలోచన తెలిసిన వయసులో, ఊరి ఎదుట, తన ఇష్టంతో. నాలుగేళ్ళ పిల్లను మనమే వెంటపడి, "నీకు అందరికంటే ఇష్టమైన ఫ్రెండ్ ఎవరు? ఒక్క పేరే చెప్పాలి" అని నిలదీస్తాం. పిల్ల ఒక్క పేరు చెబుతుంది. మర్నాటి నుంచి ఆ పేరును కాపలా కాయడం మొదలుపెడుతుంది. ఈ ప్రశ్న మానేస్తే చాలు, సగం కచ్చిలు తగ్గుతాయని నా అనుమానం. కావాలంటే "ఈరోజు ఎవరితో ఏం ఆడావు?" అని అడగండి. ఆ ప్రశ్నలో ఎంతమందికైనా చోటు ఉంటుంది.

స్నేహితుల మధ్య నిజమైన స్వాధీన భావం, ఈమె నాకే చెందాలన్న పట్టుదల, కాస్త పెద్ద వయసులో గట్టిపడుతుంది. జెఫ్రీ పార్కర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం పది నుంచి పధ్నాలుగేళ్ళ ప్రాంతపు పిల్లల మీద జరిగింది. తమ మీద తమకు విలువ తక్కువగా ఉన్న పిల్లల్లో ఈ బాధ ఎక్కువగా కనిపించింది. నాలుగేళ్ళ వయసులో మనం చెయ్యగలిగింది చిన్న పనే. "నువ్వు కూడా ఇంకొకరికి కావలసినదానివే" అన్న సంగతి పిల్లకు అనుభవంలో తెలియనివ్వడం.

ఆటలో అరటిపండు

చోటు చేయడానికి మన పిల్లల లోకంలో ఒక పాత ఏర్పాటు ఉంది. ఆటలో అరటిపండు. చిన్నవాడు వెంటపడి ఏడుస్తుంటే పెద్దపిల్లలు వాణ్ణి ఆటలోకి తీసుకుంటారు, వాడు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, కానీ వాణ్ణి పట్టుకున్నా దొంగ కాడు. ఆట చెడదు, వాడు ఏడవడు. దీన్ని మనం వేళాకోళానికి వాడుతాం గానీ, నా దృష్టిలో ఇది గొప్ప ఉపాయం. గూడు చెదరకుండా గుమ్మంలో ఒకరిని కూర్చోబెట్టడం కదా! మూడు నుంచి ఆరేళ్ళ వయసు వారందరూ ఒక్క గదిలో ఉండే అంగన్వాడీలలో ఇది తనంతట తాను జరిగిపోతుంది. వయసులవారీగా గదులు కట్టిన బడులలో పిల్లలు ఈ విద్య మరిచిపోతున్నారు. ఒక్క జాగ్రత్త ఉంది. కొత్త పిల్ల నెల తరువాత కూడా అరటిపండుగానే ఉండిపోతే అది చోటు ఇవ్వడం కాదు, మర్యాదగా గుమ్మం బయట నిలబెట్టడం.

లోపలికి ఎలా వెళ్ళాలో కూడా కొందరు పిల్లలకు తెలియదు. తల్లులు "వెళ్ళి అడుగు, నన్ను ఆటలోకి తీసుకుంటారా అని" అంటూ ముందుకు తోస్తారు. ఆ ప్రశ్న అడగగానే "తీసుకోం" అనే జవాబుకు తలుపు తెరిచినట్టే. మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ 1981లో చూపించింది ఇదే. తోటివారు ఇష్టపడే పిల్లలు ముందు ఆడుతున్నవారిని గమనించి, వాళ్ళు చేస్తున్న పనిలోనే కలుస్తారు. ఇష్టపడని పిల్లలు వచ్చీరాగానే తమ గురించి చెప్పుకుంటారు, లేదా ఉన్న ఆటను తమవైపు తిప్పబోతారు. కాబట్టి పిల్లకు నేర్పవలసింది అభ్యర్థన కాదు. కాసేపు చూడు, వాళ్ళు ఆకులు ఏరుతుంటే నువ్వూ ఆకులు ఏరు, తరువాత ఆ ఆకులు తీసుకుపోయి ఇవ్వు. కటకం పిల్ల చివరికి చేసింది ఇదే. మందారాకులు తెచ్చి మాట లేకుండా కొట్టు పిల్ల పొయ్యి పక్కన పెట్టి పోయింది. మూడు రోజులు వరసగా పెట్టింది.

"ఎవరినీ ఆడవద్దు అనకూడదు" అని తరగతిలో నియమం పెట్టవచ్చా? చికాగోలో వివియన్ పేలీ అనే ఉపాధ్యాయురాలు తన చిన్నపిల్లల తరగతిలో సరిగ్గా ఆ నియమమే పెట్టి, దాని గురించి పెద్ద తరగతుల పిల్లలతో కూడా చర్చ చేసింది. నేనూ ఒక ఏడాది పెట్టి చూశాను. ఒంటరిగా మిగిలే పిల్లలకు అది నిజంగా అండ. కానీ ముగ్గురు ఒకే పిడతను పట్టుకుని లాగుతున్నప్పుడు నియమం పనిచేయదు, ఇంకో పిడత పనిచేస్తుంది. అందుకే నాకు ఆట ఆకారం మీద నమ్మకం ఎక్కువ. ఒప్పులకుప్ప తిరగడానికి ఇద్దరే పడతారు. చెమ్మచెక్కకు ఎదురెదురుగా ఇద్దరే. ఇటువంటి ఆటల దగ్గర మూడో పిల్ల ఎంత మంచిదైనా అడ్డమే అవుతుంది. దాగుడుమూతలకు, ఒడియావాళ్ళు లుచకాళి అనే అదే ఆటకు, మనుషులు ఎంత పెరిగితే అంత రుచి. వంటాటలో కూడా వండేవారు, తినేవారు ఇద్దరే ఉంటే తగువు. బజారు నుంచి సరుకు తెచ్చేవారు కావాలి, ఇంటికి చుట్టం రావాలి. కచ్చి పెరిగిన రోజున నేను పిల్లలకు ఏమీ చెప్పేదాన్ని కాదు, "పెళ్ళివారు వస్తున్నారట, ఇరవై మందికి వండాలి" అని వరండా దాటి వెళ్ళిపోయేదాన్ని. ఇరవై మందికి వండడానికి ఇద్దరు చాలరని నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు.

మగపిల్లల గురించి ఒక మాట. వాళ్ళకు ఇది ఉండదని అనుకుంటాం. ఉంటుంది, వేరే వేషంలో. ఆడపిల్ల గోడవైపు తిరిగి కూర్చుంటే మనకు అలక అని తెలుస్తుంది. మగపిల్లవాడు కొత్తవాడిని తోసేస్తే అల్లరి అంటాం, కొడతాం. లోపల ఉన్నది చాలాసార్లు అదే భయం.

ఎప్పుడు కంగారుపడాలి? వారాల తరబడి బడి పేరు ఎత్తితేనే వాంతులు చేసుకోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలై ఆగకపోవడం, కొరకడం కొట్టడం రోజురోజుకూ పెరగడం, లేదా ఏ ఆటలోనూ ఏ ఒక్కరూ చేర్చుకోని పిల్ల. అప్పుడు ముందు టీచరుతో కూర్చుని మాట్లాడండి, తరువాత పిల్లల వైద్యుడిని కలవండి. మిగతా కచ్చిలకు వైద్యుడు అక్కరలేదు, కాస్త ఓపిక ఉంటే చాలు. కడుపు నొప్పి అంటే అబద్ధమని మాత్రం అనకండి. ఆ వయసులో భయం నిజంగానే కడుపులో నొప్పిగా వస్తుంది. "నొప్పి ఉందా, సరే, బడిలో నా పక్కన కూర్చో" అంటే చాలు.

కొట్టు పిల్ల నానమ్మతో నేను చెప్పింది రెండే మాటలు. పిల్ల ఎదుట కుళ్ళు అనవద్దని, ఆదివారం ఇద్దరినీ కాదు, ఒక్క కటకం పిల్లను మాత్రమే ఇంటికి పిలవమని. రెండోది విని ఆమె ఆశ్చర్యపోయింది. ఇద్దరినీ పిలిస్తే మళ్ళీ అదే వరండా అవుతుంది. ఆ మూడో తాడు అందాలంటే రైలు పిల్ల లేని చోట కొట్టు పిల్లే దాన్ని పట్టుకోవాలి. మొదటి ఆదివారం కటకం పిల్ల గంటసేపు తలుపు దగ్గరే నిలబడి ఏడ్చి వెళ్ళిపోయిందట. రెండో ఆదివారం కొట్టులో ఇత్తడి గిన్నెలు బోర్లించి ఇద్దరూ గరిటెలతో వాయిస్తుంటే కొట్టు పిల్ల తండ్రి చెవులు మూసుకున్నాడట.

సంక్రాంతి సెలవులు అయి బడి తెరిచారు. పిల్లలకు అయిదు నిండవస్తున్నాయి, పెద్ద తరగతివాళ్ళను చూసి పంటలు వేయడం నేర్చుకున్నారు. దాగుడుమూతలలో దొంగ ఎవరో తేల్చడానికి ముగ్గురు చేతులు కలిపి, అరచేయి పైకో కిందికో ఒక్కసారిగా తిప్పుతారు. ఇద్దరివి ఒకలా పడి మూడోది వేరుగా పడితే ఆ మూడో పిల్ల పండినట్టు, బయటపడినట్టు. ఇద్దరితో పంటలు పడవు. ఆ రోజు మధ్యాహ్నం కొట్టు పిల్ల, రైలు పిల్ల చేతులు కలుపుకుని నిలబడ్డారు, చుట్టూ చూశారు. కటకం పిల్ల కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. కొట్టు పిల్ల అరిచింది, "ఆసొ! తొందరగా ఆసొ! చెయ్యి తక్కువైంది!"